నాయకుడు లేని మేళము



తిరునాళ్లకో, శ్రీరామనవమి పందిరికో మేళమును కుదుర్చుకొనవలసి వచ్చినపుడు గ్రామపెద్దలలో ఒక వివాదము పుట్టుచుండును. ఏండ్ల తరబడి మనము మెచ్చిన మేళమే. పేరు అదియే, వాద్యములు అవియే, కథలును అవియే. కాని ముందు నిలిచి నడపిన నాయకుడు గతించినాడు. లేదా వార్ధకముచేత విరమించినాడు. అతని తావున వేరొకడు నిలిచియున్నాడు. “అతడు లేని మేళము మేళమా? ఉన్న జ్ఞాపకమును చెడగొట్టుకొనుటకంటె చూడకుండుటయే మేలు” అని కొందరు అందురు. “మేళము ఇంకను బ్రతికియున్నది గదా, మనము పిలువకున్న అదియు నశించును” అని మఱికొందరు అందురు. ఈ రెండు మాటలలో ఏది యుక్తమో, ఎంతవరకు యుక్తమో విచారించుటయే నేటి నా ప్రసంగమునకు ఉద్దేశము.

ఇది వినోదమునకు సంబంధించిన చిన్న ప్రశ్నవలె తోచును. కాని అట్టిది కాదు. మనము “వలదు” అనిన మాటతో ఆగిపోవునది ఒక రాత్రి వేడుక మాత్రమే కాదు. నాయకుని ప్రక్కన ముప్పది యేండ్లు డక్కీ వాయించినవాని జీవనము ఆగును. అతనికి వచ్చిన కథలను, వరుసలను, అడుగులను నేర్చుకొనవలెనని వచ్చిన కుఱ్ఱవాని చదువు ఆగును. మఱియొక ప్రక్క, గతించినవాని పేరు చెప్పి కాసులు దండుకొనువారిని మనము “రండు” అని పిలిచిన యెడల మోసమునకు మనమే పందిరి వేసినవారమగుదుము. కావున పిలుచుటయందును, పిలువకుండుటయందును పెద్దలకు బాధ్యత గలదు.

మొదట బుర్రకథను గైకొందము. మన ప్రశ్నకు ఇంతకంటె తగిన యుదాహరణము లేదు. ఏలయన ఇందు నాయకుడెవడో చిన్నబిడ్డయు చెప్పగలడు. నడుమ నిలుచువాడు కథకుడు. భుజమున తంబురా, చేతి వ్రేళ్లకు అందెలు, కాళ్లకు గజ్జెలు. ఇరుప్రక్కల ఇద్దరు వంతలు నిలిచి డక్కీలు వాయించుచు తందాన పలుకుదురు. వారిలో ఒకడు హాస్యము చెప్పును; మఱియొకడు లోకవ్యవహారము మాటాడును. కథ నడుపువాడు, పాడువాడు, ఆడువాడు, ఏడిపించువాడు, రోషము పుట్టించువాడు నడుమ నున్నవాడే. అతడు పడిపోయిన కథ పడిపోయెనని మనము అనుకొనుట సహజము.

ఈ కళకు మన కాలమున పితామహుడని పేరుపొందినవారు షేక్ నాజరుగారు. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లున జన్మించి, ప్రజానాట్యమండలి వేదికలపై ప్రసిద్ధికెక్కి, పల్నాటి యుద్ధమును, అల్లూరి సీతారామరాజు కథను ఊరూర చెప్పి, 1986లో పద్మశ్రీ పురస్కారమును పొంది, 1997లో స్వర్గస్థులైరి. బుర్రకథ యనిన నాజరు, నాజరనిన బుర్రకథ యని జనులు అనుకొనిన రోజులు గలవు. నాయకునితో మేళము ముగియునను మాట నిజమైనచో 1997తో బుర్రకథ ముగియవలసియుండెను. ముగియలేదు. ఆయన శిష్యులును, ఆయన మార్గమును చూచి నేర్చినవారును, స్త్రీల దళములును తరువాతను కథలు చెప్పిరి. ఆయనంతవారు వచ్చిరా అని యడుగుట వేఱు. కథ నిలిచినదా అని యడుగుట వేఱు. మన వివాదములలో ఈ రెండు ప్రశ్నలు తఱచుగా కలిసిపోవుచుండును.

వానిని విడదీయుటకు ఒక లెక్క వేసికొందము. మేళమునందు వ్యక్తితో పోవునవి కొన్ని. వ్యక్తి పోయినను నిలుచునవి కొన్ని. కంఠములోని జీర, ఊపిరి నిడివి, సభను చూచి అప్పటికప్పుడు విసరు చమత్కారము, కంటి చూపు — ఇవి వ్యక్తివి. వీనిని ఎవడును వారసత్వముగా పొందజాలడు. కథాక్రమము, దరువులు, వరుసలు, అడుగు వేయు పద్ధతి, కథకుడు ఎక్కడ ఆపినయెడల వంత ఎక్కడ అందుకొనవలయునను మర్యాద — ఇవి మేళమువి. నాయకుడు మంచి గురువైనచో రెండవ రాశి యంతయు ప్రక్కవారి చేతిలో నుండును. మొదటి రాశి నిజముగా పోయినది. అందుకు దుఃఖించుట తప్పు కాదు. కాని మొదటి రాశి పోయినదని రెండవ రాశిని కూడ పాతిపెట్టుట న్యాయము కాదు.

ఇచట ఒకరు అడుగవచ్చును: “అయ్యా, నాయకుని కంఠము ముద్రింపబడియున్నది గదా! దానినే వినరాదా?” అని. వినవచ్చును, వినవలయును. 1954లో వచ్చిన ‘అగ్గిరాముడు’ చలనచిత్రమున నాజరుగారి బుర్రకథ గలదు. అట్టి ముద్రణములు మనకు నిధులు. అయినను ముద్రింపబడిన కథకుడు మన యూరి చెఱువు తెగినదని యెఱుగడు. మన పంచాయితీని గూర్చి హాస్యపు వంత చేత మాట అనిపింపజాలడు. వెనుక వరుసలో ముసలమ్మ కన్నీరు పెట్టుకొనుట చూచి ఆ ఘట్టమును మఱి నాలుగు చరణములు సాగదీయజాలడు. బుర్రకథ సభకు బదులు చెప్పు కళ. బదులు చెప్పలేని గొప్ప గొంతునకును, బదులు చెప్పగల సామాన్యమైన గొంతునకును తారతమ్యము ఎంచునపుడు ఈ సంగతిని మఱువరాదు.

ఇక కూచిపూడి భాగవతులను చూతము. భామాకలాపమున సత్యభామ వేషమనగానే మన తరమువారికి వేదాంతం సత్యనారాయణశర్మగారు కన్నుల ముందు నిలుచుదురు. 1935లో జన్మించి, స్త్రీవేషములకు దేశమంతట కీర్తి గాంచి, 1970లో పద్మశ్రీని పొంది, 2012లో పరమపదించిరి. తెరమీదుగా జడ వేసి, తెర వెనుకనుండి సత్యభామ ప్రవేశించు ఘట్టమున ఆయన నడకను చూచినవారు ఇంకొకరి సత్యభామను చూడ నొల్లమనుట నేను వినియున్నాను. వారి ప్రేమను నేను కాదనను. అయితే ఆ వేషము ఆయనతో పుట్టినది కాదు. సిద్ధేంద్రయోగి సంప్రదాయముగా తరతరముల బ్రాహ్మణ కుటుంబములవారు ఆ గ్రామమున దానిని కట్టుచు వచ్చిరి. శర్మగారును ఒకనాడు తమకు ముందున్న పెద్దల తావున నిలిచినవారే. ఆ నాటి ప్రేక్షకులు “పాతవారు లేరు, మేము చూడము” అని లేచిపోయియుండినచో మనకు శర్మగారు దక్కియుండెడివారు కారు. మనము మూలపురుషుడని తలచు ప్రతివాడును ఒకనాడు మఱియొకనికి బదులుగా వచ్చినవాడే యని దీనివలన తెలియుచున్నది.

సురభి నాటకసమాజముల చరిత్రయు ఇట్టి నీతినే చెప్పుచున్నది. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున వనారస గోవిందరావుగారు కీచకవధ నాటకముతో ఆ సమాజమునకు ఆది కల్పించిరి. ఒక్క కుటుంబము పెక్కు శాఖలై, ఒక్క సమాజము పెక్కు సమాజములై విస్తరిల్లెను. అందు బిడ్డలు తెర వెనుకనే పెరుగుదురు. ప్రహ్లాదుడై, లవకుశులై వేదిక యెక్కి, కొన్నేండ్లకు కృష్ణుడై, పిమ్మట రావణుడై, తుదకు తెరలను యంత్రములను నడుపువారై వయస్సుతోపాటు వేషము మార్చుదురు. ‘బాబ్జీ’ యని ప్రసిద్ధులైన నాగేశ్వరరావుగారు 2013లో పద్మశ్రీని పొంది 2022లో గతించిరి. నాటకము ఆగలేదు. ఒకడు పోవునని ముందే యెఱిగి, పోకముందే మఱియొకని సిద్ధపఱచుట ఆ కుటుంబముల పద్ధతి. ఏ మేళము ఇట్టి సిద్ధత చేసికొనినదో ఆ మేళమును నాయకుని యనంతరము పిలుచుటకు మనము సందేహింప నక్కరలేదు.

అయితే నాయకుని తావున నిలిచినవాడు ఎట్లు నడువవలయును? వెనుకటివానిని అచ్చముగా అనుకరింపవలయునా? తన దారిని తాను పోవలయునా? ఈ ప్రశ్నకు మన సారస్వతమునందే గొప్ప సమాధానము గలదు. మహాభారతమును తెనిగింప మొదలిడిన నన్నయభట్టు పదునొకండవ శతాబ్దమున రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని యాస్థానమున నుండి, అరణ్యపర్వము నడుమ శరద్రాత్రుల వర్ణనవద్ద ఆగిపోయెను. అంతకంటె పెద్ద నాయకుడు తెలుగు కవితకు లేడు. ఆయన ఆగినతోడనే భారతము ఆగినదని తెలుగువారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు.

పదుమూడవ శతాబ్దమున నెల్లూరి తిక్కన సోమయాజి ఆ పనిని చేపట్టెను. అరణ్యపర్వ శేషమును తాకక, విరాటపర్వము మొదలుకొని పదునైదు పర్వములను తన సొంత గొంతుతో చెప్పెను. తెలుగు మాటకు నాటకీయమైన చురుకుదనమిచ్చి, నన్నయ నడకను అనుకరింపక, హరిహరనాథునకు అంకితము చేసెను. పిమ్మట పదునాల్గవ శతాబ్దమున ఎఱ్ఱాప్రగడ ఆ నడుమనున్న లోటును పూరించెను. ఈయన పద్ధతి వేఱు. నన్నయ పోకడతో మొదలిడి, క్రమముగా తిక్కన పోకడలోనికి వచ్చి చేరెను. తన పూరణమును నన్నయ ప్రభువైన రాజరాజనరేంద్రునకే అంకితమిచ్చెను; అనగా తన పేరు వెనుకకు తగ్గించి, వెనుకటివాని పని వెనుకటివానిదిగనే నిలిపెను. ఒకరిది స్వతంత్రమార్గము, మఱియొకరిది అనుసరణమార్గము. రెండును సత్పురుషుల మార్గములే. తిక్కనలో నన్నయ కనబడలేదని ఎవడును భారతమును మూసివేయలేదు. మూడు గొంతులు గల భారతమునే మనము మన భారతమని పారాయణము చేయుచున్నాము. మేళములోని క్రొత్త కథకుని విషయమునను ఇదియే కొలత: అతడు ఎఱ్ఱనవలె అనుసరింపవచ్చును, తిక్కనవలె స్వతంత్రుడు కావచ్చును, కాని నన్నయ నేనే యని చెప్పరాదు.

“చెప్పరాదు” అను మాట ముఖ్యము. పేరు విషయమున నిజాయితీ యెట్లుండవలయునో చూపుటకు దూరదేశపు ఉదాహరణ మొకటి చెప్పుదును. మన మనుమలు వినెడు ఆంగ్ల సంగీతమున ‘క్వీన్’ అను గాయకబృందము గలదు. 1970లో లండనున ఏర్పడినది. ముందు నిలిచి పాడిన ఫ్రెడ్డీ మెర్క్యురీ పారశీక కుటుంబమువాడు. జాంజిబారున పుట్టి, మహారాష్ట్రములోని పంచగని పాఠశాలలో చదివినవాడు. అతడు 1991లో మరణించెను. అతని గొంతు అనన్యసామాన్యమని లోకము ఒప్పుకొనినది. మరుసటి యేట లండనులోని వెంబ్లీ మైదానమున అతని స్మృత్యర్థము సభ జరుగగా పలువురు గాయకులు వచ్చి పాడిరి. పిమ్మట ఆ బృందములో ఒకడైన జాన్ డీకన్ సంగీతరంగమునుండి విరమించెను. మిగిలిన బ్రయన్ మే, రోజర్ టేలరులు 2004 మొదలు 2009 వఱకు పాల్ రాడ్జర్స్ అను గాయకునితోను, 2011 నుండి ఆడమ్ లాంబర్ట్ అను గాయకునితోను కలిసి సభలు చేసిరి. ఇందు గమనింపదగినది యేమనగా, ప్రకటనలలో వారు కేవలము ‘క్వీన్’ అని వ్రాసికొనలేదు. ‘క్వీన్’ అని వ్రాసి, కూడిక గుర్తు పెట్టి, క్రొత్త గాయకుని పేరు చేర్చిరి. ఆ చిన్న గుర్తులో గొప్ప మర్యాద గలదు. “ఇతడు అతడు కాడు, మేము మాత్రము మేమే, ఇతడు మాతో కూడినవాడు” అని అది చెప్పుచున్నది. సభలో గతించినవాని బొమ్మను తెరమీద చూపి, ఒక పాటలో కొంత భాగము అతని గొంతుననే వినిపించుటయు గలదు. టిక్కెట్టు కొనువాడు మోసపోవుటకు అందు తావు లేదు. మన మేళములు కరపత్రమున పాటింపదగిన మర్యాద యిదియే.

ఇంతవఱకు మేళము సంగతి చెప్పితిని. ఇక ప్రేక్షకుని సంగతి. అలంకారశాస్త్రమున రసము ఎవనియందు గలదను చర్చ ప్రాచీనమైనది. భట్టలోల్లటుడు రసము ముఖ్యముగా రామాదులయందు గలదనియు, నటునియందు ఆరోపింపబడుననియు చెప్పెను. శ్రీశంకుకుడు చిత్రతురగ న్యాయమును చెప్పెను. గోడమీద వ్రాసిన గుఱ్ఱమును చూచి మనము గుఱ్ఱమందుము. అది నిజమైన గుఱ్ఱమని భ్రమపడము, కాదని త్రోసిపుచ్చము, అవునో కాదోయని సందేహింపము. వేషము కట్టిన నటుని విషయమునను మన బుద్ధి అట్లే నడచునని ఆయన మతము.

ఈ న్యాయమును మన ప్రశ్నకు అన్వయింపుడు. పల్నాటి కథలో బాలచంద్రుడు నిజమైన గుఱ్ఱము. అతనిని మనలో ఎవడును చూడలేదు. కారెంపూడి రణరంగమున అతడెట్లు దూకెనో యెవడును ఎఱుగడు. వెనుకటి కథకుడు అతనిని తన గొంతుతో గోడమీద చిత్రించెను. ఇప్పటివాడును చిత్రించుచున్నాడు. వెనుకటి చిత్రము చక్కనిది కావచ్చును, ఇప్పటిది కొంత తక్కువది కావచ్చును, రెండును చిత్రములే. మనము చేయు పొరపాటేమనగా, మొదటి చిత్రమునే నిజమైన గుఱ్ఱమని తలచి, రెండవదానిని దానికి నకలని నిందించుచున్నాము. క్రొత్తవాడు చెప్పవచ్చినది బాలచంద్రుని కథ; వెనుకటి కథకుని కథ కాదు.

అభినవగుప్తపాదులు రసము సహృదయుని హృదయమునందే వ్యక్తమగునని సిద్ధాంతము చేసి, దానికి అడ్డుపడు విఘ్నములను ఏడింటిని లెక్కించిరి. అందొకటి నిజసుఖాదివివశీభావము, అనగా ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖములలో మునిగి, ఎదుటనున్నదానియందు మనస్సు నిలుపలేకపోవుట. గతించిన నాయకుని తలచి దుఃఖించుచు పందిరిలో కూర్చుండువాని స్థితి ఇదియే. కథ వట్టిపోయినదని అతడు ఇంటికి వచ్చి చెప్పును. వట్టిపోయినది కథయో, తన మనస్సో అతనికి తెలియదు. ఈ విఘ్నమునకు పరిహారమును కూడ ఆచార్యులు చెప్పిరి: వాద్యము, గానము, మండపాలంకారము మొదలైనవి ప్రేక్షకుని మనస్సును మెల్లగా తనలోనుండి బయటకు లాగికొనివచ్చును. కావున తంబురా మ్రోగిన వెంటనే తీర్పు చెప్పరాదు. ఆ వాద్యమునకు తన పని చేసికొనుటకు కొంత వ్యవధి యీయవలయును.

నేను కండ్లార చూచిన రెండు సంగతులు చెప్పి, పిమ్మట నా యభిప్రాయమును విన్నవింతును. మా గ్రామమునకు సుమారు ఇరువది యేండ్లు ఏటేట వచ్చుచుండిన బుర్రకథ దళమొకటి గలదు. కథకుడు కాలధర్మము చెందెను. ఆ యేడు తిరునాళ్లకు ముందు అతని వంతలలో పిన్నవాడు పెద్దలకు జాబు వ్రాసెను: “గురువుగారు లేరు. నడుమ నేను నిలుచుచున్నాను. మా రాత్రి మాకు ఇప్పించెదరా?” అని. పెద్దలలో ఒకరు రికార్డు డాన్సు పెట్టింతమనిరి. ఒకరు సగము సొమ్మునకు పిలుతమనిరి. “పూర్తి సొమ్మే యిత్తము, బయానా ముందే పంపుదము, కాని కరపత్రమున గురువు పేరునకు ముందు ‘కీర్తిశేషులు’ అనియు, కథకుని పేరు స్పష్టముగాను వేయింతము” అని నేనంటిని. అట్లే జరిగెను.

ఆ రాత్రి పల్నాటి యుద్ధము. మొదటి గంట సభలో గుసగుసలు వినబడెను. కొందరు “ఆ దమ్ము ఏదీ?” అనిరి. ఆ మాట నిజమే. వెనుకటి కథకుడు ఒక్క ఊపిరితో లాగు దీర్ఘమును ఇతడు ప్రయత్నింపనే లేదు. యుద్ధఘట్టము వెనుకటివాని ధాటికి చాలలేదు. దానిని దాచ నక్కరలేదు. కాని బాలచంద్రుడు మాంచాలవద్ద సెలవు గైకొను ఘట్టము వచ్చినపుడు ఇతడు గొంతు తగ్గించి, డక్కీలను ఆపించి, ఒక్క తంబురా మీటుతో మెల్లగా చెప్పెను. గురువు ఆ ఘట్టమును వీరముగా నడపెడివాడు. శిష్యుడు కరుణముగా నడపెను. ఆడువారి వైపున సడి లేదు. ఇరువది యేండ్లుగా విన్న కథలో మాంచాల యను నొక మనిషి యున్నదని ఆ రాత్రి నాకు తెలిసెను. గురువు బ్రతికియుండగా అట్టి మాంచాలను చూపుటకు ఆ శిష్యునకు తావు దొరకి యుండదు. తెల్లవాఱుజామున మంగళము పాడునంతవఱకు పందిరి నిండియే యున్నది.

రెండవ సంగతి దీనికి విరుద్ధమైనది. మఱియొక యూర ఒక నాటకబృందము వచ్చెను, పేరు చెప్పను. గోడలమీద గతించిన నటుని బొమ్మ నిలువెత్తున నున్నది. ప్రస్తుతము వేషము కట్టువాని పేరు వెదకినను కానరాలేదు. లోపల యంత్రము నుండి పాతవాని పద్యములు వినబడుచుండగా వేదికమీదివాడు పెదవులు కదలించుచుండెను. హార్మోనియమువాడు వెనుకటి మేళమువాడు కాడు. ఎవడును అతనివద్ద చదివినవాడు కాడు. రెండవ అంకమునకు ముందే సగముమంది లేచి వచ్చిరి. వారు లేచుట న్యాయమే. అందు మిగిలినది పేరు మాత్రమే. పేరు మేళము కాదు.

ఈ రెండింటిని పోల్చి చూచిన యెడల, మేళమును పిలుచుటకు ముందు పెద్దలు అడుగవలసిన ప్రశ్నలు తేటపడుచున్నవి. మొదటిది: నడుమ నిలిచినవాడు ఎవనివద్ద నేర్చెను? నాయకునివద్దనో, నాయకుని గురుపరంపరలోనో నేర్చినవాడైన మేలు. రెండవది: ప్రక్కనున్నవారు ఎవరు? వెనుకటి వంతలు, వెనుకటి మృదంగము, వెనుకటి హార్మోనియము మిగిలియున్నచో మేళములో సగముకంటె ఎక్కువ మిగిలియున్నట్లే. మూడవది: కరపత్రము నిజము చెప్పుచున్నదా? నాల్గవది: క్రొత్తవాడు తన గొంతుతో చెప్పుచున్నాడా, గతించినవాని నీడను అమ్ముచున్నాడా? ఈ నాలుగింటికి తృప్తికరమైన సమాధానము దొరకినయెడల నిస్సందేహముగా పిలువుడు. సొమ్ము తగ్గింపకుడు, ఏలయన గతించినవాని యన్నము ముద్ద తగ్గినది గాని, క్రొత్తగా నేర్చుచున్నవాని యన్నము తగ్గలేదు. ఒకటి రెండు ప్రశ్నలకు సమాధానము చాలనిచో ఒకరు వెళ్లి పొరుగూర చూచి రండు. మూడవ ప్రశ్నకు మాత్రము సమాధానము చెడ్డదైనచో తక్కినవి యెంత మంచివైనను పిలువకుడు.

వెళ్లని వారిని గూర్చియు ఒక మాట. నాయకునితో చిరకాల స్నేహముండి, దుఃఖము పచ్చిగా నున్నవారు ఆ యేడు పందిరికి రాకపోయిన తప్పు పట్టరాదు. ఏటి సూతకము వంటిదే యని యెంచి ఊరకొనవలయును. కాని “నేను చూడను, మీరును చూడకుడు” అని యితరులను వారించుటకు ఆ దుఃఖము అధికారమీయదు. మనకు ఒక నాయకుడు దొరకెను. మన మనుమలకు వారి నాయకుడు దొరకవలదా? ఈనాటి శిష్యుడు వారి పాలిటి మూలపురుషుడు కావచ్చును.

పందిరిలో పెద్దలు పాటింపదగిన నియమము ఒకటి గలదు. వెనుకటివాని గొప్పతనమును పిల్లలకు చెప్పుడు, తప్పక చెప్పుడు. ఆ దీర్ఘము ఎట్లుండెనో, ఆ నడక ఎట్లుండెనో మీరు చెప్పకున్న చెప్పువారు లేరు. కాని కథ నడచుచుండగా, క్రొత్తవాని చెవిని పడునట్లు చెప్పకుడు. మంగళమైన పిమ్మట, ఇంటికి నడచుచు దారిలో చెప్పుడు. అపుడు మీ జ్ఞాపకము పిల్లల చెవిలో క్రొత్త కథ ప్రక్కన చేరి రెండును నిలుచును. మధ్యలో చెప్పినచో రెండును చెడును. వీలైనచో క్రొత్త కథకుని మఱునాడు పిలిచి, వెనుకటివాడు ఫలాని ఘట్టమున ఇట్లు చేసెడివాడని ఏకాంతమున చెప్పుడు. విమర్శకుడుగా చెప్పిన మాట గుచ్చును. జ్ఞాపకముంచుకొన్న పెద్దగా చెప్పిన మాట పాఠమగును. మా గ్రామమున నడుమ నిలిచిన ఆ యువకుడు మఱుసటి యేడు వచ్చినపుడు యుద్ధఘట్టమును మునుపటికంటె బాగుగ చెప్పెను. ఎవరు ఏమి చెప్పిరో నేనెఱుగను. రెండవమాఱు పిలుచుటయే అతనికి పెద్ద పాఠమై యుండును.

గ్రామమున ఈ యేడు ఏ మేళమును పిలువవలయునో నిర్ణయించువారు మీరు. నాయకుడు పోయిన మేళమునుండి జాబు వచ్చినపుడు దానిని చింపివేయకుడు; కన్నులు మూసికొని ఒప్పుకొనకుడు. నేను చెప్పిన నాలుగు ప్రశ్నలను అడిగి, సమాధానములు బాగుగనున్న, వారి రాత్రిని వారికిండు.